నాలుగు సాళ్ళ చెరకు

పోయిన దసరా తరువాత ఒకనాటి రాత్రి మా అన్న దుబాయి నుండి ఫోను చేశాడు. ఎప్పుడూ అడిగే ప్రశ్నలన్నీ అడిగాడు. తిన్నావా, హాస్టలు ఫీజు కట్టావా, పైసలు చాలినాయా, పరీక్ష తేదీ వచ్చిందా. అన్నిటికీ ముక్తసరిగా జవాబులు చెప్పాను. ఇక పెట్టేస్తాడనుకుంటుండగా కాసేపు ఆగి, "చెల్లె, నువ్వు సంతోషంగ ఉన్నవా?" అన్నాడు.

మా ఇంట్లో ఒకరినొకరం ఎన్నడూ అడగని ప్రశ్న అది. "మంచిగున్నవా" అని అడుగుతాం. దానికి "మంచిగున్న" అనే జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. సంతోషమనే మాటను మాత్రం పెళ్ళి పత్రికలకూ, వేదికలమీది ఉపన్యాసాలకూ వదిలేశాం. "ఆఁ, ఉన్న అన్నా" అని అబద్ధం చెప్పి ఫోను పెట్టేశాను. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. అన్న ఎందుకు అడిగాడో నాకు తెలుసు. అతడు అక్కడ ఎండలో చేసే పని ఇక్కడ నా పుస్తకాలుగా, గది అద్దెగా మారుతోంది. ఆ కష్టానికి బదులుగా ఈ చివర కనీసం ఒక మనిషైనా సంతోషంగా ఉన్నదని తెలిస్తే అతడికి కాస్త నెమ్మది. ఆ నెమ్మదిని కూడా నేను నిజాయితీగా ఇవ్వలేకపోయాను.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మాది బోధన్ పక్కన ఒక పల్లె. పీజీ పూర్తిచేసి, నిజామాబాద్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో ఉంటూ పోటీ పరీక్షలకు చదువుతున్నాను. మొదటిసారి కొద్ది మార్కుల్లో ఉద్యోగం తప్పిపోయింది. రెండవసారి రాయవలసిన పరీక్ష వాయిదాపడింది. ఆ తరువాత మరొకమారు వాయిదాపడింది. ఇంట్లో అమ్మ ఏమీ అనదు గానీ, ఫలానా వాళ్ళమ్మాయి పెళ్ళి కుదిరిందన్న వార్త మాత్రం ప్రతి ఫోనులోనూ చేరవేస్తుంది. వచ్చే ఏడాదిలోగా ఏదో ఒకటి తేలాలని నాకూ తెలుసు.

ఓడిపోవటం కంటె వాయిదా పడటం కష్టమని అప్పుడే తెలిసింది. ఓడిపోతే ఏడ్చి లేవవచ్చు. వాయిదా పడితే ఏడవటానికి కారణం ఉండదు, లేవటానికీ కారణం ఉండదు. పొద్దున్నే గ్రంథాలయానికి వెళ్ళి, పుస్తకం తెరిచి, ఒకే పుటను మధ్యాహ్నం దాకా చూస్తూ కూర్చున్న రోజులున్నాయి. నా ఎదుట కూర్చునే అమ్మాయిలలో ఇద్దరు ఒక్కొక్కరే రావటం మానేశారు. ఒకామెకు పెళ్ళయింది. ఇంకొకామె ఎక్కడికి పోయిందో తెలియదు. ఆమె కుర్చీలో ఇంకెవరో కూర్చుంటున్నారు.

ఆ రోజుల్లో నేను చేసిన పని మీలో చాలామంది చేసే ఉంటారు. ఉత్సాహం కొరకు వెదికాను. వ్యక్తిత్వ వికాసపు పుస్తకాలు చదివాను. రాత్రిపూట ఫోనులో ఆవేశపూరితమైన ప్రసంగాలు విన్నాను. వింటున్నంతసేపూ ఒళ్ళు పులకరించేది. రేపు నాలుగు గంటలకే లేస్తానని ప్రతిజ్ఞ చేసి, చదువు పట్టిక ఒకటి రంగు పెన్నులతో రాసి గోడకు అంటించేదాన్ని. తెల్లవారేసరికి ఆ ఆవేశం ఎటు పోయేదో పోయేది. గోడమీద పట్టిక మాత్రం ఉండేది. దానిని చూస్తే మరింత దిగులు. అటువంటి పట్టికలు ఏడో ఎనిమిదో రాసి ఉంటాను.

ఆ ప్రసంగాలన్నింటిలోనూ ఉన్న బోధ ఒక్కటే. ఇప్పుడు కష్టపడు, గెలిచాక సుఖపడు. ఇది అబద్ధమనను. కానీ ఈ లెక్కలో సంతోషమంతా గెలుపు నాడే అందుతుంది. గెలుపు ఆలస్యమైతే సంతోషమూ వాయిదాయే! 1978లో అమెరికాలో ఫిలిప్ బ్రిక్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరి ఇద్దరితో కలిసి, పెద్ద మొత్తంలో లాటరీ గెలిచిన 22 మందిని మామూలు మనుషులతో పోల్చి చూశాడు. గెలిచినవారు మిగతావారికంటె చెప్పుకోదగినంత సంతోషంగా ఏమీ లేరు. పైగా స్నేహితుడితో కబుర్లు, మంచి ఫలహారం వంటి చిన్న చిన్న విషయాల్లో వారికి కలిగే ఆనందం తగ్గింది. చిన్న పరిశోధనే, దానితో జీవితాన్ని కొలవలేము. అయినా అది చదివినప్పుడు నాకు ఒక భయం వేసింది. గెలుపు నాడు నేను తెరవబోయే పెట్టెలో నేననుకున్నంత సంతోషం లేకపోతే? దాని కొరకు ఈ నాలుగేళ్ళనూ ఖాళీగా గడిపినదాన్నవుతానా?

సరిగ్గా ఆ దిగులులో ఉండగా ఒక చిన్న సంఘటన జరిగింది. తెలంగాణ చరిత్ర పాఠంలో నిజాంసాగర్ వచ్చింది. మంజీరపై 1923లో మొదలై 1931లో పూర్తయిన ప్రాజెక్టు. దాని ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన జన్మదినమైన జూలై 11ను మన రాష్ట్రంలో ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటాం. ఇదంతా బట్టీపట్టవలసిన సమాచారం. కానీ ఆ పుట చదువుతుండగా హఠాత్తుగా ఒక సంగతి తట్టింది. చిన్నప్పుడు నేను కాళ్ళు పెట్టుకుని కూర్చున్న కాలువ ఇదే! మా తాత అర్ధరాత్రి లాంతరు పట్టుకుని నీళ్ళు కట్టటానికి వెళ్ళింది ఈ నీటికే! ఇక ఆగలేకపోయాను. బీరువాల్లో వెదికి జిల్లా గురించి దొరికిన పుస్తకమల్లా తీశాను. ఆ కాలువలు వచ్చాకనే ఇక్కడ చెరకు విరివిగా పెరగటం, ఆ చెరకును నమ్ముకుని 1937లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడటం, అది ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందటం... గ్రంథాలయం మూసే వేళయిందని చెప్పినప్పుడు గానీ తల ఎత్తలేదు. ఆ సాయంత్రం హాస్టలుకు నడిచి వస్తూ ఉంటే నాకు కలిగినది సంతోషమేనని ఆలస్యంగా గుర్తించాను. పరీక్ష తేదీ రాలేదు. మార్కులు పెరగలేదు. ఏమీ మారలేదు. తెలుసుకోవాలని తెలుసుకున్నాను, అంతే.

ఎడ్వర్డ్ డెసీ అనే ఆయన 1971లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ఇక్కడ గుర్తుకొస్తుంది. విద్యార్థులకు ఘనాకారపు ముక్కలతో చేసే పజిళ్ళు ఇచ్చాడు. ఒక జట్టుకు మధ్యలో ఒకనాడు, చేసిన ప్రతి పజిలుకూ డబ్బు ఇచ్చి, మరుసటిసారి ఇవ్వటం మానేశాడు. డబ్బు రుచి చూసినవారు ఆ తరువాత విరామ సమయంలో ఆ పజిళ్ళను ముట్టటం తగ్గించారు. అంటే బయటి నుండి వచ్చే ప్రతిఫలం కొన్నిసార్లు లోపలి ఇష్టాన్ని తినేస్తుందన్న మాట. నేను చరిత్రను డిగ్రీలో ఇష్టపడి చదివినదాన్నే. అది ఎప్పుడు మార్కులుగా మారిపోయిందో నాకే తెలియదు.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళాను. నిజామాబాద్ నుండి బోధన్ ముప్పై కిలోమీటర్ల లోపే. జానకంపేట, ఎడపల్లి దాటుతుంటే బస్సు కిటికీలో నుండి రెండువైపులా వరి మళ్ళే కనిపిస్తాయి. నా చిన్నతనంలో ఇదే దారిలో చెరకు బండ్లు వరుసగా నిలిచి ఉండేవి. మేము బడి నుండి వస్తూ వెనుక నుండి ఒక గడ లాగి పరుగెత్తేవాళ్ళం. బండివాడు తిట్టేవాడు గానీ దిగి వచ్చేవాడు కాదు. ఆ కర్మాగారం 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళింది. 2015 డిసెంబరులో మూతపడింది. అప్పుడు నేను పదవ తరగతి. శక్కర్‌నగర్ అన్న పేరు మాత్రం మిగిలింది. పేరులో శక్కర ఉంది, ఊళ్ళో లేదు. 2024 జనవరిలో పునరుద్ధరణ కొరకు రాష్ట్ర ప్రభుత్వం ఒక కమిటీని నియమించినప్పుడు మా ఊరి రచ్చబండ మీద మళ్ళీ కొన్నాళ్ళు అదే మాట నడిచింది.

మా బాపమ్మకు ఆ కర్మాగారం అంటే సైరన్. అది కూస్తే లేవటం, అది కూస్తే తాతకు సద్ది కట్టటం. గడియారం చూడటం ఆమెకు రాదు, అవసరమూ పడలేదు. ఇప్పుడా కూత లేదు. అయినా ఇప్పటికీ ఆమె సరిగ్గా ఆ వేళకే లేచి వాకిలి ఊడుస్తుంది. "సైరన్ లేకపాయె, ఎట్ల లేస్తున్నవే బాపమ్మా?" అని అడిగితే, నన్నొక పిచ్చిదాన్ని చూసినట్లు చూసి, "వాకిలి ఊడ్వద్దా మరి?" అన్నది. నేను విన్న ప్రసంగాలన్నీ ఆ ఒక్క మాట ముందు చిన్నబోయాయి.

ఆ సాయంత్రం బాపుతో పొలానికి వెళ్ళాను. మడి అంతా వరే. కానీ కాలువ గట్టు పక్కన, పొలం చివర, నాలుగు సాళ్ళు చెరకు నిలబడి ఉంది. ఆకులు గడల చుట్టూ చక్కగా జడచుట్టు వేసి ఉన్నాయి. ఇంత శ్రద్ధగా ఎందుకు పెంచాడో నాకు అర్థం కాలేదు. ఈ కాస్త చెరకు కొరకు ఏ లారీ రాదు.

"ఎవరు కొంటరని ఏసినవ్ బాపూ?" అన్నాను.

"కొనేటందుకు గాదు బిడ్డా. ఇత్తనానికి."

"ఫ్యాక్టరీ మళ్ళ తెరుస్తరనా?"

"తెరుస్తె తెరవనీ, లేకుంటె లేదు. వడ్లయితె గుమ్మిల పోసి పెట్టుకుంటం. చెరుకు ఇత్తనం గుమ్మిల ఆగదు గద. భూమిల ఉంటెనే ఇత్తనం. ఒక్క ఏడు ఇడిచిపెడితె మల్ల ఎవల్నో అడుక్కోవాలె." కాసేపు ఆగి, గడ ఒకటి నరికి నా చేతికిస్తూ అన్నాడు. "ఇడిచిపెడితె చెయ్యి గూడ మర్చిపోతది."

ఆ గట్టు మీద కూర్చుని పళ్ళతో చెక్కు తీసుకుని గడ తిన్నాను. చాలా తీపిగా ఉంది. కొనేవాడు లేడన్న సంగతి దానికి తెలిసినట్లు లేదు.

చెరకు సంగతి తెలియనివారి కొరకు ఒక మాట. చెరకును గింజలతో వేయరు. గడను కళ్ళున్న చోట ముచ్చెలుగా నరికి నాటుతారు. ఆ కన్ను నుండి మొలక వస్తుంది. నరికిన గడ ఎండిపోతే కన్ను చచ్చిపోతుంది. కర్మాగారానికి పంపే చెరకైనా అంతే, నరికిన ఒకటి రెండు రోజుల్లో గానుగ పట్టకపోతే బరువూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. వరి, జొన్న, పెసర, ఇవన్నీ దాచుకోగల విత్తనాలు. చెరకు దాచుకోలేని విత్తనం. ఎప్పుడూ ఎక్కడో ఒకచోట, ఎంతో కొంత, పెరుగుతూనే ఉండాలి.

నేను చేసిన పొరపాటు అదేనని తిరుగు బస్సులో తెలిసింది. ఉత్సాహాన్ని వడ్లగింజ అనుకున్నాను. ఒక రాత్రి ప్రసంగం విని బస్తా నింపుకుంటే నెలరోజులు తినవచ్చుననుకున్నాను. అది నిలవ ఉండే సరుకు కాదు. ఏ రోజుకారోజు నేలలో ఉండవలసినది. పది ఎకరాలు వేయలేని రోజున నాలుగు సాళ్ళు వేయాలి. పది గంటలు చదవలేని రోజున ఒక గంట, అదీ కాకపోతే ఒక పుట. కానీ ఆ పుటను శ్రద్ధగా, జడచుట్టు వేసినంత శ్రద్ధగా చదవాలి. విత్తనం పోకుండా ఉంటే చాలు, మళ్ళీ తోట వేసుకోవచ్చు.

మా హాస్టలు గోడమీద ఇద్దరి బొమ్మలున్నాయి. ఒకరు మలావత్ పూర్ణ. మా జిల్లా పాకాల గ్రామంలో వ్యవసాయ కూలీల ఇంట పుట్టి, గురుకుల పాఠశాలలో చదువుతూ, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పదమూడేళ్ళ పదకొండు నెలలు. ఆమెది, నాది ఒకే ఈడు. రెండవవారు నిఖత్ జరీన్, ఈ నిజామాబాద్ పట్టణపు బిడ్డ. వీరి బొమ్మలు చూపి "వాళ్ళు చేయగా లేనిది నీవెందుకు చేయలేవు?" అని అడగటం ప్రసంగకర్తలకు అలవాటు. ఆ ప్రశ్న నాకెప్పుడూ బలాన్నివ్వలేదు, సిగ్గునే ఇచ్చింది. ఊరి నుండి వచ్చాక ఆ బొమ్మలను మరొక విధంగా చూడటం మొదలుపెట్టాను.

నిఖత్ 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ విజేత అయింది. సీనియర్లలో ప్రపంచ విజేత అయినది 2022 మే నెలలో, ఇస్తాంబుల్‌లో. ఈ రెండింటి మధ్య పదకొండేళ్ళు! 2017లో భుజానికి గాయమై ఆటకు దూరమైన కాలం కూడా అందులోనే ఉంది. 2023లో ఢిల్లీలో మళ్ళీ గెలిచింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో పతకం రాకుండానే వెనుదిరిగింది. బొమ్మ మీద ఉన్నవి గెలిచిన రెండు మూడు రోజులు. బొమ్మలో లేనివి ఆ వేల రోజులు. ఆ వేల రోజుల్లో ప్రతి పొద్దూ ఆమెకు ఉత్సాహంగానే తెల్లవారి ఉంటుందని నేను నమ్మను. చేయి మరిచిపోకుండా మాత్రం చూసుకుని ఉంటుంది.

ఇంకొక సంగతి. ఖిల్లా గుట్ట మీది పాత జైలులో 1948 ప్రాంతంలో దాశరథి కృష్ణమాచార్యులు, వట్టికోట ఆళ్వారుస్వామి బందీలుగా ఉన్నారు. కాగితం, కలం లేని చోట దాశరథి బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశాడు. బయటి పాఠకుడెవరూ రాని చోట, అచ్చయ్యే ఆశ లేని రోజుల్లో రాసిన పద్యాలవి. 1949లో 'అగ్నిధార' వెలువడినప్పుడు ఆయన దానిని ఆ జైలు మిత్రుడు ఆళ్వారుస్వామికే అంకితమిచ్చాడు. ఖిల్లా వైపు వెళ్ళినప్పుడల్లా ఇప్పుడు నాకు ఆ గోడలు మా బాపు నాలుగు సాళ్ళలాగా కనిపిస్తాయి.

ఇదంతా చదివి, ఫలితం అక్కరలేదు, ఉద్యోగం అక్కరలేదు, ఉన్నదానితో తృప్తిపడమని చెబుతున్నానని అనుకోకండి. నాలుగు సాళ్ళతో మా ఇల్లు గడవదు. ఆ కర్మాగారం నడిచి ఉంటే మా ఊళ్ళో కొందరైనా గల్ఫు విమానం ఎక్కకుండా ఉండేవారేమో. రైతుకు కొనేవాడు కావాలి, చదివినవారికి కొలువు కావాలి. అది న్యాయమైన కోరిక. లోపల సంతోషం వెదుక్కో అని చెప్పి ఆ కోరికను నోరు మూయించటం అన్యాయం. నేను చెప్పదలచినది ఇంతే. తలుపు తెరుచుకునేదాకా తలుపు వంకే చూస్తూ కూర్చుంటే, తెరుచుకున్న నాడు లోపలికి వెళ్ళటానికి మన దగ్గర విత్తనం మిగలదు. ఇంకొకటి, ఆ నాలుగు సాళ్ళు రేపటి కొరకే కాదు, ఈ రోజు కూడా తీపిగానే ఉంటాయి. ఈ రెండవ సంగతిని నేను నాలుగేళ్ళుగా మరిచిపోయాను.

గోడమీది పట్టిక తీసేశాను. దాని బదులు ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకున్నాను. అందులో రేపు చేయవలసిన పనులు రాయను. ఈ రోజు కొత్తగా తెలిసినది ఒక్కటి రాస్తాను. మార్కులకు పనికివచ్చేదే కానవసరం లేదు. కొన్ని రోజులు ఒక వాక్యమే ఉంటుంది. రెండు రోజులు ఖాళీగా ఉన్నాయి. మూడవ రోజు మళ్ళీ రాశాను. దిగులు పూర్తిగా పోయిందని చెబితే అది మరొక అబద్ధమవుతుంది. అది వస్తూనే ఉంటుంది. కానీ ఇప్పుడు అది వచ్చేసరికి నేను ఏదో ఒక పనిలో ఉంటున్నాను.

పోయిన ఆదివారం అన్నకు నేనే ఫోను చేశాను. ఆనాడు అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. అతడు నవ్వి, "నాకు తెల్సులే" అన్నాడు. తరువాత బాపు చెరకు గురించీ, నిజాంసాగర్ గురించీ చాలాసేపు చెప్పాను. అన్న ఏమీ మాట్లాడకుండా విన్నాడు. చివరకు, "ఈసారి నేనచ్చేదాక రెండు గడలు ఉంచుమను బాపుని" అన్నాడు.

ఉంచుతాడు. బాపు సంగతి నాకు తెలుసు.